జాఫ్నా మిరప, పెనాంగ్ చిప్

శ్రీలంక ఉత్తర కొసన ఉన్న జాఫ్నా ద్వీపకల్పంలో నది లేదు. అడుగున సున్నపురాయి, పైన ఎర్రమట్టి, ఆ రాతి పొరల్లో నిలిచే వాననీరు. రైతుకు బావే ఆధారం. ఒకప్పుడు ఏతంతో తోడుకునేవారు, తరువాత కిరసనాయిలు పంపులు వచ్చాయి. చిన్నచిన్న చెక్కల్లో మిరప, ఎర్ర ఉల్లి, పొగాకు. 1970 నుంచి 1977 దాకా శ్రీలంకను ఏలిన సిరిమావో బండారనాయకే ప్రభుత్వం విదేశీ మారకం చాలక దిగుమతుల్ని గట్టిగా బిగించింది. దేశమంతా కొరతలతో అవస్థ పడింది. కానీ బయటి మిరపకాయలు, ఉల్లిపాయలు రావడం తగ్గేసరికి జాఫ్నాలో పండినదానికి గిరాకీ వచ్చింది. ఆ కొద్ది ఏళ్లు అక్కడి తమిళ రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి.

1977 జులైలో జె.ఆర్. జయవర్ధనే గెలిచారు. ఆ ఏడాది చివరికల్లా దిగుమతుల మీద ఉన్న కట్టుబాట్లు చాలావరకు ఎత్తేశారు. దక్షిణాసియాలో అలా ముందుగా తలుపులు తెరిచింది శ్రీలంకే. కొలంబో బజార్లు సరుకుతో నిండాయి. బయటి మిరప, ఉల్లి దిగాయి. జాఫ్నాలో ధర పడిపోయింది.

ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లెవరూ తమిళ రైతును దెబ్బకొడదామని కూర్చోలేదు. సుంకాలు, మారకపు రేటు, సబ్సిడీలు అన్న భాషలోనే అంతా నడిచింది. కానీ దెబ్బ పడిన చోటు మాత్రం ఒక జాతి ఎక్కువగా బతికే చోటు. సరిగ్గా ఆ 1977 ఎన్నికల్లోనే, ప్రత్యేక రాజ్యం కావాలన్న తమిళ ఐక్య విమోచన కూటమి 18 సీట్లు గెలిచి పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షమైంది. అంటే ఆ రైతు ఓటు వేసిన మనుషులు ప్రభుత్వం వైపు ఒక్కరూ లేరు. ఉల్లి మీద సుంకం ఎంత ఉంచాలి, ఎన్నేళ్లలో తగ్గించాలి అని అడిగే గొంతు ఆ గదిలో లేదు.

ఈ మిరప సంగతి నా ఆలోచనను మార్చింది. వ్యాపారం పెరిగితే జాతి గొడవలు తగ్గుతాయని, జేబులో డబ్బు ఉన్నవాడు పక్కింటికి నిప్పు పెట్టడని నేను చాలాకాలం నమ్మాను. ఈ విషయం మీద ఒక మిత్రుడితో ఓ రాత్రి పొద్దుపోయేదాకా వాదించాను. అంతా విని అతను ఒకే ప్రశ్న అడిగాడు: "1983 జులైలో కొలంబోలో తమిళుల షాపులు తగలబడ్డాయి కదా. తలుపులు తెరిచి అప్పటికి ఆరేళ్లు. మరి నువ్వు చెప్పే ఆ డబ్బు ఎందుకు ఆపలేదు?" నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న వెంట పడి కొన్నేళ్లుగా చదువుతూ వచ్చినదాన్లో నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

జాతులుగా చీలిన దేశాల్లో పనులు కూడా జాతులవారీగానే పంచుకుని ఉంటాయి. ఒకరు పొలంలో, ఒకరు దుకాణంలో, ఒకరు తోటల్లో, ఒకరు సర్కారు ఆఫీసుల్లో. చాలాచోట్ల ఈ పంపకం వలస పాలకులు చేసి వదిలిపెట్టిందే. మలయాలో, అంటే నేటి మలేసియా ప్రాంతంలో, బ్రిటిష్‌వాళ్లు తగరపు గనులకు చైనీయుల్ని, రబ్బరు తోటలకు తమిళుల్ని, తెలుగువాళ్లను రప్పించారు, మలయుల్ని వరి పొలాల్లోనే ఉంచారు. మారిషస్‌లో చెరకు కోసం ముందు ఆఫ్రికా, మడగాస్కర్‌ల నుంచి బానిసల్ని, ఆ తరువాత భారతదేశం నుంచి ఒప్పంద కూలీల్ని తెచ్చారు. ఇలాంటి దేశంలో సుంకం తగ్గినా, లైసెన్సు రద్దయినా, బోధనా భాష మారినా ప్రతిదీ ఏదో ఒక జాతి నెత్తిన ఎక్కువగా పడుతుంది. ఆర్థిక శాఖ దాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా జనం తీసుకుంటారు. నష్టపోయినవాడు "మార్కెట్ నన్ను ముంచింది" అనడు, "వాళ్లు మమ్మల్ని ముంచారు" అంటాడు.

కొలంబోలో జరిగింది ఇదే పద్ధతి, దిశ మాత్రం వేరు. లైసెన్సుల కాలంలో మంత్రుల చుట్టూ తిరిగి పర్మిట్లు తెచ్చుకున్న చిన్న, మధ్యతరగతి సింహళ వ్యాపారులు ఎందరో ఉండేవారు. తలుపులు తెరవగానే ఆ పర్మిట్ల విలువ పోయింది. తరతరాలుగా వర్తకంలో ఉన్న తమిళులు, ముస్లింలు కొత్త పోటీకి తొందరగా అలవాటు పడ్డారు. ఇంకోపక్క బియ్యం సబ్సిడీ కోత, ధరల పెరుగుదల నగరపు పేదల మీద పడ్డాయి. అంటే ఉత్తరాన తమిళ రైతు, దక్షిణాన సింహళ చిన్న వ్యాపారి, ఇద్దరూ ఒకే విధానం వల్ల దెబ్బతిన్నారు. ఇద్దరూ ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నారు. ఈ అసూయ మంటకు ఎండుపుల్ల మాత్రమే. నిప్పు పాతది, 1956లో సింహళాన్ని ఒక్కదాన్నే అధికార భాష చేసిన చట్టం దగ్గర, 1970ల మొదట్లో తమిళ విద్యార్థులు ఎక్కువ మార్కులు తెచ్చుకుంటే తప్ప విశ్వవిద్యాలయాల్లో సీటు ఇవ్వని పద్ధతి దగ్గర మొదలైంది. తలుపులు తెరవడమే అల్లర్లకు కారణమని నేను అనను. కానీ పాత పుండు మీద కొత్త దెబ్బ ఎక్కడ తగులుతుందో ఎవరూ చూసుకోలేదు.

1983 జులై 23న జాఫ్నా దగ్గర, ప్రత్యేక రాజ్యం కోసం ఆయుధం పట్టిన తమిళ పులులు 13 మంది సైనికుల్ని చంపారు. మర్నాటి నుంచి కొలంబోలో మూకలు ఓటరు జాబితాలు పట్టుకుని తమిళుల ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు వెతికి మరీ తగలబెట్టాయి. కొన్ని వందల మంది చనిపోయారన్నవారి నుంచి మూడు వేలన్నవారి దాకా ఉన్నారు. ఆ రోజుల్లో జరిగిన ఇంకో సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. కటునాయకే విమానాశ్రయం పక్కన 1978లో ఎగుమతుల కోసం సుంకాలు లేని ఫ్రీ ట్రేడ్ జోన్ పెట్టాక, మోటరోలా, హ్యారిస్ అనే రెండు అమెరికన్ కంపెనీలు శ్రీలంకలో ఎలక్ట్రానిక్ చిప్పులు అసెంబ్లీ చేసే ప్లాంట్లు పెట్టడానికి ముందుకొచ్చాయి. 1983 తరువాత రెండూ వెనక్కి తగ్గాయి. దేశం దుస్తులు కుట్టే దగ్గరే ఉండిపోయింది.

అవే చిప్పులు ఆ సరికి మలేసియాలోని పెనాంగ్ ద్వీపంలో పదేళ్లుగా తయారవుతున్నాయి. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూడటం నాకు అలవాటైంది.

మలేసియా తన మంటను ముందే చూసింది. 1969 మే 13న కౌలాలంపూర్‌లో మలయులకూ చైనీయులకూ మధ్య అల్లర్లు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 196 మంది పోయారు. పార్లమెంటును పక్కన పెట్టి ఎమర్జెన్సీ విధించారు. 1971లో అబ్దుల్ రజాక్ ప్రభుత్వం నూతన ఆర్థిక విధానం తెచ్చింది. జాతితో పని లేకుండా పేదరికం తగ్గించడం ఒకటి, ఫలానా జాతి ఫలానా పని అన్న ముద్ర చెరిపెయ్యడం రెండోది. అప్పటికి కంపెనీ వాటాల్లో మలయులు, ఇతర మూలవాసులు కలిపి ఉన్న బూమిపుత్రల చేతిలో ఉన్నది 2.4 శాతం. దాన్ని 1990కల్లా 30 శాతానికి తేవాలన్నది లక్ష్యం. బూమిపుత్ర అంటే మన భూమిపుత్రుడే, సంస్కృతం నుంచి అక్కడికి వెళ్లిన మాట.

ఆ 30 శాతం ఎవరి దగ్గర నుంచి తెస్తారు? చైనీయుల నుంచి లాక్కుంటే మళ్లీ మే 13. అసలు 1970లో కంపెనీ వాటాల్లో 60 శాతానికి పైగా విదేశీయులవి, ముఖ్యంగా బ్రిటిష్‌వాళ్లవి. ప్రభుత్వం కళ్లు వాటి మీద పడ్డాయి. 1981 సెప్టెంబరు 7న లండన్ స్టాక్ ఎక్స్చేంజి తెరిచిన కొద్ది గంటల్లోనే మలేసియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ షేర్లు కొనేసి గత్రీ అనే పెద్ద తోటల కంపెనీని సొంతం చేసుకుంది. వలస పాలన నాటి తోటల్ని వలస పాలకుడి సొంత మార్కెట్లోనే, వాళ్ల నిబంధనలతోనే కొన్నారు. 1990కల్లా బూమిపుత్రల వాటా 19 శాతం చేరింది, చైనీయులది కూడా సుమారు 45 శాతానికి పెరిగింది. తగ్గింది విదేశీయుల వాటా, పాతిక శాతానికి. ఆ ఇరవై ఏళ్లలో ఇంట్లో ఎవరి కంచంలోంచీ తీయకుండా పంపకం మార్చగలిగారు. ప్రపంచ మార్కెట్‌ను ఇంటి తగవు తీర్చడానికి ఇంత తెలివిగా వాడుకున్న ప్రభుత్వాలు నాకు తెలిసి తక్కువ.

వాటాల సంగతి ఇలా ఉంటే, ఉద్యోగాల సంగతి పెనాంగ్‌లో చూడాలి. అప్పట్లో చైనీయులు ఎక్కువగా ఉన్న ద్వీపం అది. ఫ్రీ పోర్టు హోదా పోయి, 1960ల చివర్లో నిరుద్యోగంతో కుంగిపోయి ఉంది. ముఖ్యమంత్రి లిమ్ చాంగ్ యూ బయాన్ లెపాస్‌లో వరి పొలాలున్న చోట ఫ్రీ ట్రేడ్ జోన్ తెరిపించారు. 1972లో ఇంటెల్ వచ్చింది, వెనకాలే మిగతావాళ్లు. తెల్లారకముందే ఫ్యాక్టరీ బస్సులు మలయు పల్లెలకు వెళ్లి పద్దెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయిల్ని ఎక్కించుకునేవి. షిఫ్టు పొడుగునా వాళ్లు మైక్రోస్కోపు మీద వంగి, వెంట్రుక కంటే సన్నని బంగారు తీగను చిప్ మీదున్న చుక్కంత చోటి నుంచి చుట్టూ ఉన్న లోహపు కాలికి అతికించాలి. ఒకటయ్యాక ఇంకొకటి, రోజుకు వందల్లో. కళ్లు మంటలు, తలనొప్పి. కొన్ని ఫ్యాక్టరీల్లో ఉన్నట్టుండి ఒక అమ్మాయి కేకలు పెట్టి పడిపోయేది, చూస్తుండగా ఆ కేక వరసంతా పాకేది. దయ్యం పట్టిందనుకునేవారు. యాజమాన్యాలు బొమో అనే మంత్రగాణ్ణి పిలిపించి శాంతి చేయించి మళ్లీ లైను నడిపించేవి.

ఆ బస్సుల గురించి చదివినప్పుడల్లా నాకు రెండు రకాల భావాలు కలుగుతాయి. పల్లెటూరి మలయు కుటుంబానికి నెలకింత అని నికరంగా డబ్బు అందడం అదే మొదలు, అదీ కూతురి సంపాదన. ఒక చైనీయుడి ఉద్యోగం ఊడబెరికి ఇచ్చింది కాదది. అందుకే ఎవరూ రోడ్డు మీదికి రాలేదు. కానీ ఆ అమ్మాయిలకు దేశవ్యాప్త యూనియన్ పెట్టుకునే హక్కు దశాబ్దాలపాటు ఇవ్వలేదు. 1988లో ఒప్పుకున్నది కూడా ఎవరి కంపెనీలో వాళ్ల యూనియన్ వరకే. జాతుల మధ్య కుదిరిన ఆ ఒప్పందానికి ఖర్చు భరించింది ఆ కళ్లు. దాన్ని మరిచి మలేసియాను మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకో ఖర్చు చైనీయులది. 1975లో వచ్చిన పారిశ్రామిక సమన్వయ చట్టం కింద ఒక పరిమాణం దాటిన ఫ్యాక్టరీకి లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే బూమిపుత్రలకు వాటా ఇవ్వాలి. ఎగుమతి కోసమే తయారుచేసే విదేశీ కంపెనీకి మాత్రం ఆ షరతు లేదు, మొత్తం వాటా తానే ఉంచుకోవచ్చు. ఒక్కసారి ఆగి ఆలోచించండి. కాలిఫోర్నియా నుంచి వచ్చినవాడికి పూర్తి స్వేచ్ఛ, అదే ఊళ్లో మూడు తరాలుగా ఇనుప సామాను తయారుచేసే కుటుంబానికి షరతులు. ప్రభుత్వానికి ఎందుకలా అనిపించిందో నాకు అర్థమవుతుంది. విదేశీ కంపెనీకి ఓటు లేదు, రేపు ప్రధానమంత్రి పదవి అడగదు, దాని లాభం పెరిగినా "వాళ్లు మమ్మల్ని మించిపోయారు" అన్న భయం పుట్టదు. స్వదేశంలోని రెండో జాతి బలపడితే మాత్రం పుడుతుంది. చీలిన సమాజాల్లో చాలా ప్రభుత్వాలు ప్రపంచాన్ని ఇంత ఆత్రంగా ఆహ్వానించడానికి ఇది పెద్ద కారణమని నా అభిప్రాయం. బయటివాడితో ఒప్పందం సులభం. ఇంట్లోవాడితో కుదరడానికి పాత లెక్కలన్నీ బయటికి తీయాలి.

చైనీయ వ్యాపారులు ఈ గోడను దాటడానికి వాళ్ల దారులు వెతుక్కున్నారు. చాలామంది లైసెన్సు హద్దు దాటకుండా చిన్నగానే ఉండిపోయారు. ఇంకొందరు మలయు పేరు మీద లైసెన్సు తీసుకుని వెనకనుంచి వ్యాపారం నడిపారు. అక్కడ దానికి అలీబాబా అని పేరు, ముందు కనిపించే అలీ మలయుడు, వెనకుండి నడిపే బాబా చైనీయుడు. పెద్దవాళ్లు బయటికి వెళ్లారు. చక్కెర వ్యాపారంలో ఎదిగిన రాబర్ట్ కువోక్ 1970ల్లోనే తన వ్యాపార కేంద్రాన్ని హాంకాంగ్‌కు మార్చుకున్నారు. 2011లో ప్రపంచ బ్యాంకు వేసిన అంచనా ప్రకారం దాదాపు పది లక్షల మంది మలేసియన్లు విదేశాల్లో ఉన్నారు, సగానికి పైగా సింగపూర్‌లోనే. వాళ్లలో చైనీయుల పాలు వాళ్ల జనాభా నిష్పత్తిని ఎంతో మించి ఉంది. పిల్లల్ని చదివించి విమానం ఎక్కించే తల్లిదండ్రులు ఆ దేశం మీద తమ నమ్మకం ఎంతో అలా చెప్పారు. ఆ చదువుకున్న పిల్లలు ఉండి ఉంటే పెనాంగ్ చిప్పుల్ని అతికించే పని దాటి వాటిని డిజైన్ చేసే పనికి ఇంకా ముందే వెళ్లేదేమో అనిపిస్తుంది.

భాష దగ్గర ఈ ఇరకాటం ఇంకా బాగా కనిపిస్తుంది. 2003లో మలేసియా ప్రధాని మహతీర్ ప్రభుత్వం బడుల్లో సైన్సు, లెక్కలు ఇంగ్లీషులో చెప్పాలని మొదలుపెట్టింది. ప్రపంచంతో పోటీ పడాలంటే తప్పదని వాదన. టీచర్లకు లాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్లు ఇచ్చారు. పల్లె బడిలో, తనకే ఇంగ్లీషు సరిగా రాని టీచరు, ఇంట్లో ఆ మాటే వినని పిల్లలకు భిన్నాలు ఇంగ్లీషులో చెప్పాలి. మలయు రచయితలు ఇది జాతీయ భాషకు అవమానమన్నారు. 2009 మార్చిలో కౌలాలంపూర్ వీధుల్లో జరిగిన ఊరేగింపులో వృద్ధ కవి ఎ. సమద్ సయిద్ కూడా నడిచారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు. మరోపక్క చైనీయ పాఠశాలల సంఘాలు కూడా దీన్ని వ్యతిరేకించాయి, తమ మాతృభాష బడి అన్నదే లేకుండా పోతుందని. ఎప్పుడూ ఎదురుబొదురుగా ఉండేవాళ్లు ఈ ఒక్క విషయంలో ఒకే పక్క నిలబడ్డారు. ఆ జులైలోనే ప్రభుత్వం వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనడం లేదు. కానీ ఆ రెండు వర్గాల్నీ ముందే కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఆరేళ్ల పాటు పిల్లల మీద ప్రయోగం చేసి వెనక్కి తగ్గాల్సి వచ్చేది కాదు.

నా మిత్రుడితో ఆ తరువాత కూడా వాదనలు జరిగాయి. అతని అభిప్రాయం, ఇలాంటి దేశాలకు కాస్త గట్టి చెయ్యి ఉన్న ప్రభుత్వం కావాలి, అందర్నీ అడుగుతూ కూర్చుంటే పని జరగదు అని. నేను అతనికి మారిషస్ చూపిస్తాను. 1968లో స్వాతంత్ర్యానికి రెండు నెలల ముందు రాజధాని పోర్ట్ లూయీలో, బానిసల సంతతి అయిన క్రియోల్‌లకూ ముస్లింలకూ మధ్య అల్లర్లు. చెరకు ఒక్కటే పంట. పైగా ఆ చెరకు తోటల్లో పెద్దవి కొద్దిమంది ఫ్రెంచి మూలాల కుటుంబాల చేతిలో. ఓట్లు మాత్రం హిందువులవి ఎక్కువ. గెలిచినవాళ్లు ఆ తోటల్ని జాతీయం చేస్తామన్న ఆవేశానికి పోలేదు. చక్కెర ఎగుమతి మీద పన్ను వేశారు, 1970లో ఎగుమతి జోన్ చట్టం తెచ్చారు, ఐరోపాతో 1975 నాటి చక్కెర ఒప్పందంలో ఏడాదికి 5 లక్షల టన్నుల కోటా సంపాదించారు. తోటల కుటుంబాలు ఆ లాభాన్ని దుస్తుల ఫ్యాక్టరీల్లో పెట్టాయి. స్వదేశీ మార్కెట్‌కు తయారుచేసే పాత పరిశ్రమల రక్షణను ఒక్కసారిగా తీసెయ్యలేదు. హైస్కూలు చదువు 1977 నుంచి అందరికీ ఉచితం.

ఇదంతా ఎన్నికలు జరుగుతూ, కూటములు విడిపోతూ కలుస్తూ ఉన్న దేశంలో జరిగింది. ఏ వర్గమూ పార్లమెంటు బయట ఉండిపోకుండా ఎనిమిది వరకు అదనపు సీట్లు పంచే ఏర్పాటు వాళ్ల రాజ్యాంగంలో ఉంది. అక్కడి సెలవుల జాబితాలో దీపావళి, ఈద్, క్రిస్మస్, చైనా కొత్త సంవత్సరంతో పాటు మన ఉగాది కూడా ఉంది. కొద్ది శాతమే ఉన్న తెలుగువాళ్లను కూడా లెక్కలో పెట్టుకున్న దేశం అది.

మారిషస్‌ను ఆదర్శంగా చూపి ఆగిపోతే అది అబద్ధమవుతుంది. బానిసల సంతతి అయిన క్రియోల్‌లు ఈ పంపకంలో వెనకబడ్డారు. వాళ్లకు తోటలూ లేవు, సర్కారు ఉద్యోగాల్లో పెద్ద చోటూ లేదు. 1999 ఫిబ్రవరిలో కాయా అనే క్రియోల్ గాయకుడు పోలీసు కస్టడీలో చనిపోతే ద్వీపం కొన్ని రోజులు అట్టుడికింది. 2005 జనవరి 1న, చిన్న దేశాలకు చోటు మిగిల్చిన ప్రపంచ దుస్తుల కోటాలు ముగిశాయి, ఆ మరుసటేడు నుంచి ఐరోపా చక్కెర ధరలో 36 శాతం కోత మొదలైంది. కూర్చున్న రెండు కొమ్మలూ ఒకేసారి విరిగాయి. అయినా దేశం చీలిపోలేదు. అందరినీ లెక్కలో పెట్టుకునే అలవాటు అప్పటికి వేళ్లూనుకుని ఉండటమే దానికి కారణమని నా నమ్మకం. క్రియోల్ భాష 2012లో బడుల్లో ఒక పాఠ్యాంశంగా వచ్చింది. ఆలస్యంగానే, కానీ వచ్చింది.

గట్టి చెయ్యి మాటకొస్తే ఇండోనేషియా ఉంది. సుహార్తో ముప్పై ఏళ్లకు పైగా ఏలారు. జనాభాలో మూడు శాతం కూడా నిండని చైనీయుల్లో కొద్దిమంది వ్యాపారుల్ని చేరదీసి, మొత్తం చైనీయ సంస్కృతిని మాత్రం బహిరంగంగా కనిపించకుండా అణచిపెట్టారు. 1997లో ఆసియా కరెన్సీలు కుప్పకూలాయి. డాలరుకు 2,400 దగ్గరున్న రుపియా కొద్ది నెలల్లో 15,000 దాటింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతుల మీద సుహార్తో సంతకం పెడుతుంటే, ఆ సంస్థ అధిపతి మిషెల్ కాంద్‌సూ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డ ఫొటో అప్పట్లో అందరూ చూశారు. 1998 మే మొదటి వారంలో పెట్రోలు ధరలు పెంచారు. రెండో వారంలో జకార్తాలో చైనీయుల దుకాణాలు, ఇళ్లు తగలబడ్డాయి, మహిళల మీద అత్యాచారాలు జరిగాయి, వెయ్యి మందికి పైగా చనిపోయారు. మే 21న సుహార్తో దిగిపోయారు.

అదే సంక్షోభంలో పక్కనే ఉన్న మలేసియా ద్రవ్యనిధి దగ్గరికి వెళ్లలేదు. 1998 సెప్టెంబరులో డబ్బు దేశం దాటకుండా కట్టుబాట్లు పెట్టి, రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర నిలబెట్టింది. ఇందులో అధికార పార్టీకి దగ్గరివాళ్ల కంపెనీల్ని కాపాడుకోవడం కూడా ఉంది, అది నాకు నచ్చని భాగం. కానీ రాత్రికి రాత్రి ధరలు పెరిగి జనం ఒక జాతి మీద పడే పరిస్థితి రానివ్వలేదు. ఇలాంటి దేశాల్లో సబ్సిడీ కోత ఎంత అన్నదానితో సమానంగా అది ఎంత వేగంగా, ఏ వారంలో అన్నది కూడా ప్రాణాల మీదికి తెచ్చే విషయమే. షరతులు రాసేవాళ్లు ఆ దేశపు అల్లర్ల చరిత్ర కూడా చదివి రాయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

మళ్లీ జాఫ్నాకు వస్తాను. 1983 తరువాత ప్రభుత్వానికీ పులులకూ మధ్య సాగిన యుద్ధం 2009 మేలో ముగిసింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఐరోపా సంఘం మానవ హక్కుల కారణంతో శ్రీలంక దుస్తులకు ఇచ్చే సుంకం రాయితీ ఆపేసింది, 2017లో తిరిగి ఇచ్చింది. ఆ ఏడేళ్ల దెబ్బ తిన్నది ఎక్కువగా దక్షిణాది ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే సింహళ యువతులు, యుద్ధం చేయించినవాళ్లు కాదు. ఉత్తరాన, జాఫ్నాను దక్షిణాదితో కలిపే ఏ9 రహదారి తెరుచుకుంది. దక్షిణాది సరుకు లారీలు వచ్చాయి, వాటితో పాటు బ్యాంకులు, లీజింగ్ కంపెనీలు, మైక్రోఫైనాన్స్ ఏజెంట్లు. పాతికేళ్లకు పైగా యుద్ధంలో అన్నీ పోగొట్టుకున్న ఇళ్లకు, భర్తలు లేని ఆడవాళ్లకు, వారంవారం కట్టే అప్పులు దొరికాయి. కట్టలేక ఒక అప్పు తీర్చడానికి ఇంకొకటి తీసుకున్నారు. 2018లో ప్రభుత్వం కరువు జిల్లాల్లోని మహిళల చిన్న అప్పుల్ని మాఫీ చేస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

అంటే 1977 తరువాత ఆ నేల మీద తలుపు తెరవడం ఇది రెండోసారి. ఈసారి ఆ రైతు తరఫున మాట్లాడటానికి కనీసం ఒక వేదిక ఏర్పడింది, 2013 సెప్టెంబరులో మొదటిసారి ఎన్నికలు జరిగిన ఉత్తర ప్రాంతీయ మండలి. సుంకాల మీద దానికి అధికారం లేదు, డబ్బుకు కొలంబో వైపు చూడాల్సిందే. అయినా ఉల్లి ధర గురించి, అప్పుల గురించి ఎన్నికైన మనుషులు తమ భాషలో మాట్లాడే చోటు అది. దాని గడువు 2018 అక్టోబరులో ముగిసింది. ఆ తరువాత ఏళ్లు గడిచినా మళ్లీ ఎన్నికలు పెట్టలేదు.